మిగిలిన కోడికూరతో వడలా? ముందు రాత్రి గిన్నె సంగతి చూడండి

ఆదివారం కోడికూర మిగిలితే సోమవారం కరకరలాడే వడలు తట్టుకోవచ్చు. మంచి ఆలోచనే. అయితే ‘ఎటూ నూనెలో వేపుతాం కదా, ఏమున్నా చస్తుంది’ అన్న ధీమా వద్దు. గంటలకొద్దీ బయట ఉన్న కూరలో స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా పెరిగిందంటే, వేపితే అది చస్తుంది గానీ అది వదిలిన విషం చావదు. కాబట్టి వడలు తినదగ్గవో కావో రాత్రి భోజనాలయ్యాకే తేలిపోతుంది.

చేయవలసినవి

వండిన కూర 2 గంటలకు మించి బయట ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 32 డిగ్రీలు దాటిన వేడిలో అమెరికా ఆహార భద్రతా అధికారులు ఇచ్చే గడువు ఒక్క గంటే. నంద్యాల 45 డిగ్రీల ఎండలు చూసే ఊరు. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాలకైనా ఆళ్లగడ్డకైనా ఆ గంటే లెక్క. కూరను గిన్నెతో అలాగే ఫ్రిజ్‌లోకి తోస్తే నడుమ చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది. వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలచగా పరిచి, ఆవిరి తగ్గగానే మూతపెట్టి లోపల పెట్టండి. 3 రోజుల్లోపు వాడేయండి.

ముక్కలు విడదీసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. వేలు తెగి ఉంటే ఆ పని ఇంకొకరికి అప్పగించండి. స్టెఫిలోకాకస్ కూరలోకి చేరేది ఎక్కువగా మన చర్మం, ముక్కుల నుంచే. మెడ, వీపు ముక్కల్లో ఎముక సూదుల్లా విరిగి ఉంటుంది. మిక్సీలో వేశాక అది కనబడదు, పిల్లల గొంతులో గుచ్చుకుంటుంది. అందుకే ప్రతి ముక్కనూ వేళ్లతో నలిపి చూడాల్సిందే.

పులుసు గట్టిగా పిండేసి బొరుగుల పొడి, ఉడికించిన ఉర్లగడ్డ కలపండి. తడి తక్కువైతే వడ విరగదు, నూనె మీదికి చిందదు. పలచగా తట్టి మధ్యరకం మంట మీద వేపండి. మంట ఎక్కువైతే పైన ఎర్రబడుతుంది, లోపల చల్లగానే ఉంటుంది. లోపల 75 డిగ్రీలకు చేరాలి. థర్మామీటరు లేకపోతే అన్నిటికన్నా మందంగా ఉన్నదాన్ని విరిచి, నడిమి నుంచి పొగలు వస్తున్నాయో లేదో చూడండి.

చేయకూడనివి

వాసన చూసి ‘బాగానే ఉంది’ అనుకోకండి. ఆ విషం వాసనకు దొరకదు.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తెరవకండి. 4 గంటలు దాటితే ఆ కూర పారేయండి. కిలో చికెన్ ధర చూస్తే మనసు రాదు, నిజమే. అయినా పారేయండి.

నూనె అంటుకుంటే నీళ్లు చల్లొద్దు. స్టవ్ ఆపి, బాండలి మీద మూత బోర్లించండి. వడలను న్యూస్‌పేపరు మీద ఆరబెట్టొద్దు, అచ్చు సిరా వాటికి అంటుతుంది. నల్లబడి పొగలొచ్చే పాత నూనె వద్దేవద్దు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ చుట్టాలకు పంపేటప్పుడు డబ్బా మధ్యాహ్నమంతా బస్సు వేడిలో ఉండకూడదు. చేరగానే తినమనండి, మిగిలినవి రాత్రికి దాచొద్దు.

తిన్నాక వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లైతే వెంటనే డాక్టరుకు చూపించండి. ఎవరైనా సరే మగతగా పడిపోయినా, విరేచనంలో రక్తం కనబడినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.