నీరు నూరు డిగ్రీల వద్దనే మరుగుతుందా?

నీటి మరుగు స్థానమెంత అని అడిగితే విద్యార్థులు తడుముకోకుండా 100 డిగ్రీల సెంటిగ్రేడు అని జవాబిస్తారు. ఆ జవాబులో ఒక షరతు లోపించింది. వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి సమానమైనప్పుడే అది సత్యం. ఈ షరతును విస్మరిస్తే, మరుగుట అంటే ఏమిటో అవగతం కాదు.

ద్రవంలోని అణువులు నిరంతరం చలిస్తూ ఉంటాయి. వాటిలో అధిక శక్తి గలవి ఉపరితలాన్ని వీడి ఆవిరిగా మారుతాయి. మూసిన పాత్రలో కొంతసేపటికి, వెలువడే అణువుల సంఖ్య, తిరిగి ద్రవంలో చేరే అణువుల సంఖ్య సమానమవుతాయి. ఈ సమతాస్థితిలో ఆవిరి కలుగజేసే పీడనమే సంతృప్త బాష్పపీడనం. ఇది ద్రవ స్వభావంపైనా, ఉష్ణోగ్రతపైనా ఆధారపడుతుంది. ద్రవ పరిమాణంపై కాదు. నీటి బాష్పపీడనం 20 డిగ్రీల వద్ద సుమారు 17.5 మి.మీ., 50 డిగ్రీల వద్ద 92.5 మి.మీ., 80 డిగ్రీల వద్ద 355 మి.మీ. ఉష్ణోగ్రత సమానంగా పెరిగినా, పీడనం అంతకంతకు వేగంగా హెచ్చుట గమనార్హం. 100 డిగ్రీల వద్ద అది 760 మి.మీ. అవుతుంది.

బాష్పపీడనం బాహ్య పీడనానికి సమానమైనప్పుడు, ద్రవం లోపల పుట్టిన ఆవిరి బుడగలు అణగిపోక పైకి లేస్తాయి. అదే మరుగుట. కనుక బాహ్య పీడనం తగ్గితే మరుగు స్థానం తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తునున్న హైదరాబాదులో నీరు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతుంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తునున్న లడఖ్‌లోని లేహ్ పట్టణంలో 88 డిగ్రీలు చాలును. అందుచేత అక్కడ మూత లేని పాత్రలో పప్పు ఉడకడానికి చాలా సమయం పడుతుంది.

దీనిని ప్రయోగశాలలో నిరూపించవచ్చును. గుండ్రని అడుగు గల గాజు కుప్పెలో సగం వరకు నీరు పోసి మరిగించాలి. మొదట మంటను తొలగించి, మరుగుట ఆగిన పిదప బిరడా బిగించి, కుప్పెను తలక్రిందులుగా నిలిపి, పైన చన్నీరు పోయాలి. లోపలి నీరు మరల మరుగుతుంది! చల్లదనానికి ఆవిరి కొంత నీరుగా మారి, లోపలి పీడనం పడిపోవడమే ఇందుకు కారణం.

పీడనం పెంచితే కలిగే ప్రయోజనాన్ని 1679లో డెనిస్ పాపిన్ తన ఆవిరి పాత్రతో చూపాడు. నేటి ప్రెషర్ కుక్కరు దాని సంతతియే. అందులో పీడనం వాతావరణ పీడనానికి దాదాపు రెట్టింపై, నీరు సుమారు 120 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. ఆసుపత్రులలోని ఆటోక్లేవ్ యంత్రానికీ ఇదే సూత్రం ఆధారం. కొన్ని సూక్ష్మజీవుల బీజాలు 100 డిగ్రీల వద్ద మరిగే నీటిలోనూ జీవించగలవు. 121 డిగ్రీల ఆవిరిలో అవి నశిస్తాయి. శస్త్రచికిత్సా పరికరాల విషయంలో ఈ 21 డిగ్రీల భేదం రోగి ప్రాణానికి సంబంధించినది.

ఒకసారి మరగడం మొదలైన తరువాత మంట పెంచినా నీటి వేడి పెరగదు; నీరు త్వరగా ఆవిరవుతుంది, ఇంధనం వృథా అవుతుంది. వేడిని నిర్ణయించేది పీడనం. కావున మరుగు స్థానం వ్రాసినప్పుడెల్లా, దాని ప్రక్కనే పీడనాన్ని కూడా పేర్కొనడం విద్యార్థులు అలవరచుకోవాలి.