తప్పు ఎలా చెప్పాలి?

సంక్రాంతి సెలవుల్లో మా ఊరి ప్రార్థనలో ఒక చెల్లి కానుకల డబ్బాలోంచి పది రూపాయలు తీసింది. నేను చూసి అందరి ముందూ దొంగ అన్నాను. ఆ పిల్ల ప్రార్థనకి రావడం మానేసింది.

మా పెద్దమ్మకి చదువు రాదు. నాచేత మత్తయి సువార్త 18వ అధ్యాయం చదివించింది. 15 నుండి 17 వచనాల్లో వరస ఉంది.
1. తప్పు చేసినవాళ్ళకి ముందు ఒంటరిగా చెప్పాలి.
2. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్ళాలి.
3. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి.

నేను మూడోది ముందు చేశాను!

హెబ్రీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయంలో, కూడుకోవడం మానకుండా ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవాలని ఉంది. అందుకే వాళ్ళింటికెళ్ళి, నాదీ తప్పే అన్నాను. ఆ పిల్ల ఏడ్చి, పెన్ను కోసం తీశానంది. ఆదివారం ఇద్దరం కలిసి వెళ్ళాం.

ఇందులో తప్పులుంటే నాకు ఒంటరిగా చెప్పండి.