మంచు రోజుల్లో కారు సంరక్షణ

పరిచయం

కిందటి పాఠంలో స్కూటరు, మోటారు సైకిలు సంరక్షణ గురించి చదివారు. ఈ పాఠం కారు గురించి. మీకు సొంత కారు లేకపోవచ్చు. అయినా చదవండి. కారు నడిపేవారికి, కడిగేవారికి, జీతమిచ్చి కడిగించుకొనేవారికి కూడా ఇది పనికివస్తుంది. పాఠం పూర్తయ్యేసరికి మంచు, దుమ్ము కలిసి కారు రంగును ఎలా పాడుచేస్తాయో మీరు వివరించగలుగుతారు. మూడు బకెట్ల నీటితో, గీతలు పడకుండా కారు కడగగలుగుతారు.

ఒక మాట, కొన్ని అర్థాలు

మనం తెలుగులో ‘మంచు’ అన్న మాటను చాలావాటికి వాడతాం. తెల్లవారుజామున దారి కనపడనివ్వనిది మంచే. గడ్డిపరక మీద నిలిచిన నీటిబొట్టూ మంచే. హిమాలయాల మీద తెల్లగా పేరుకొన్నదీ మంచే. బెంగాలీలో వీటికి వేరువేరు మాటలున్నాయి: కుయాశా, శిశిర్, తుషార్. కారు విషయానికి వచ్చేసరికి ఈ తేడా మనకూ అవసరమవుతుంది. ఒక్కో మంచు కారును ఒక్కో విధంగా పాడుచేస్తుంది. మొదటి రెండూ మనకు బాగా తెలిసినవి. వాటితోనే మొదలుపెడదాం.

న్యూ టౌన్‌లో ఒక ఉదయం

కలకత్తాకు తూర్పున, రాజార్‌హాట్ ప్రాంతంలో, ఒకప్పుడు పొలాలు, చెరువులు, పల్లపు నేలలు ఉన్నచోట న్యూ టౌన్ అనే కొత్త పట్టణం వెలిసింది. దాని నిర్మాణం కోసం పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1999లో హిడ్కో అనే సంస్థను ఏర్పాటుచేసింది. అక్కడి ఐటీ సంస్థల్లో పనిచేసే తెలుగువాళ్లు కూడా ఉన్నారు.

న్యూ టౌన్‌లో హిమం పడదు. జనవరిలో పగలు సుమారు 25 డిగ్రీలు, రాత్రి సుమారు 14 డిగ్రీలు ఉంటుంది. అయితే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వానలు బాగా తక్కువ. కట్టుబడి పనుల ఇసుక, సిమెంటు పొడి, బిశ్వ బంగ్లా సరణి వంటి పెద్ద రోడ్ల మీద లేచే ధూళి గాలిలో కలుస్తాయి. చలి రాత్రుల్లో గాలి పైకి కదలదు కాబట్టి ఆ ధూళి కిందనే ఉండి, నిలిపి ఉన్న కార్ల మీద పడుతుంది. రాత్రి ఆరుబయట ఉన్న కారు తన వేడిని ఆకాశంలోకి వదిలి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. అప్పుడు గాలిలోని ఆవిరి దాని మీద నీరుగా మారుతుంది. చెట్టు కిందో కప్పు కిందో ఉన్న కారు పొడిగా ఉండి, పక్కనే బయట ఉన్న కారు తడిసిపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఒక యువకుణ్ణి ఊహించుకోండి. శ్రీకాకుళం జిల్లా నుంచి పనికోసం వచ్చాడు. ఒక అపార్ట్‌మెంటులో ఉదయం ఆరు నుంచి ఎనిమిదిలోగా పది కార్లు తుడవాలి. చేతిలో ఒక బకెట్టు, ఒక గుడ్డ. కార్ల మీద మంచు ఎలాగూ పడి ఉంది. దాన్నే నీళ్లుగా వాడుకొని గుడ్డతో గబగబా రుద్దేస్తాడు. కారు మెరుస్తుంది. యజమాని సంతోషిస్తాడు. రెండు చలికాలాలు గడిచాక, ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు వంటి సన్నని గీతలు! మాట పడేది ఆ యువకుడే. ఒక్కోసారి పని కూడా పోతుంది.

తప్పు ఎక్కడ జరిగింది?

కారు పైన రంగుకు రక్షణగా పారదర్శకమైన పూత ఒకటి ఉంటుంది. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. అంటే మన తల వెంట్రుక కంటే పలచన. ఇసుక రేణువు గాజునే గీయగలదు. ఈ పూత దానికి ఒక లెక్క కాదు. రేణువుకూ పూతకూ మధ్య తగినంత నీరు ఉంటే రేణువు తేలి జారిపోతుంది. రాత్రి పడిన మంచు అందుకు చాలదు. అది ధూళిని బురదగా మారుస్తుంది తప్ప కడిగివేయదు. ఆ బురద మీద గుడ్డ రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్లే. పదో కారు దగ్గరికి వచ్చేసరికి, ముందు తొమ్మిది కార్ల ఇసుకా ఆ ఒక్క గుడ్డలోనే ఉంటుంది.

చేసి చూడండి: పాడైపోయిన సీడీ ఒకటి తీసుకోండి. మెరిసే వైపున చిటికెడు ఇసుక చల్లి, తడిగుడ్డతో సగం భాగాన్ని మెల్లగా తుడవండి. మిగతా సగం మీద ముందు నీళ్లు బాగా పోసి, ఇసుక పోయాక తుడవండి. రెండు సగాలనూ వెలుతురులో పోల్చి చూడండి.

కడిగే పద్ధతి

ఎండ కొద్దిగా వచ్చాక, నీడపట్టున కారును ఉంచండి. 15 లీటర్ల బకెట్లు మూడు కావాలి. మొదటి బకెట్టు నీటిని మగ్గుతో కప్పు మీద నుంచి కిందికి పోయండి. ఈ దశలో గుడ్డ ముట్టుకోకూడదు. పాఠంలో ఒక్క వాక్యమే గుర్తుంటుందనుకొంటే, ఆ వాక్యం ఇదే కావాలి.

రెండో బకెట్టులో కారు షాంపూ కలపండి. బట్టల సబ్బుపొడి వద్దు. అది మైనపు పూతను తీసేస్తుంది. మూడో బకెట్టులో మంచినీళ్లు. అందులోంచి నాలుగైదు మగ్గులు చివర పోయడానికి ముందే వేరే తీసి ఉంచుకోండి. మెత్తని గుడ్డను షాంపూ నీటిలో ముంచి, పై నుంచి కిందికి తుడవండి. ఒక్కో తలుపు అయ్యాక గుడ్డను మూడో బకెట్టులో జాడించి, ఆ తరవాతనే మళ్లీ షాంపూలో ముంచాలి. చక్రాలకు వేరే గుడ్డ. వేరే తీసిన నీళ్లు పోసి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తుడవండి. బోరు నీరైతే ఆరనివ్వకండి. అందులోని లవణాలు తెల్ల మచ్చలుగా మిగులుతాయి. పక్షి రెట్టను గీకకూడదు. తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచి, నానాక తీయాలి.

పది కార్లకు రోజూ ఇలా చేయడం ఎవరివల్లా కాదు. కాబట్టి రోజూ తుడవడం మాని, వారానికి రెండుసార్లు సరిగా కడగడం మేలు. రోజు విడిచి రోజు అద్దాలను మాత్రం నీళ్లతో శుభ్రం చేస్తే చాలు. కడిగేవారు ఈ సంగతి యజమానితో ముందే మాట్లాడుకోవాలి. “రోజూ తుడవడం లేదు కదా, జీతం తగ్గిస్తాను” అనే యజమానులు ఉంటారు. వారికి ఆ సీడీ చూపించండి. గుడ్డలు, షాంపూ కొనివ్వవలసినది కూడా యజమానే అని మా అభిప్రాయం.

నీటి విషయంలోనూ జాగ్రత్త అవసరమే. 2024 మార్చిలో బెంగళూరులో నీటి కొరత వచ్చినప్పుడు, తాగునీటితో కార్లు కడిగితే 5000 రూపాయల జరిమానా అని అక్కడి నీటి సరఫరా మండలి ప్రకటించింది.

నిజంగా హిమం పడేచోట

మన లంబసింగిలో కొన్ని చలికాలాల్లో చలి సున్నా డిగ్రీల దాకా వెళ్తుంది. కాని రోడ్లు మూసుకుపోయే హిమం చూడాలంటే షికాగో, డెట్రాయిట్ వంటి నగరాలకు వెళ్లాలి. అక్కడ మన బంధువులు, స్నేహితులు ఎందరో ఉన్నారు. వాళ్ల కారుకు అసలు శత్రువు హిమం కాదు, ఉప్పు. కుల్ఫీ అమ్మేవారు మంచుగడ్డలో ఉప్పు వేయడం మీరు చూసే ఉంటారు. ఉప్పు కలిసిన నీరు సున్నా కంటే బాగా తక్కువ చలిలో గాని గడ్డకట్టదు. అందుకే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాల నుంచి చిమ్మి కారు అడుగుభాగానికి పడుతుంది. ఇనుము తుప్పు పట్టే పని ఉప్పునీటిలో తొందరగా సాగుతుంది. బ్రేకు గొట్టాలు తుప్పుపట్టి చిల్లిపడితే అది ప్రాణాలకే ముప్పు. విశాఖ, కాకినాడల్లో సముద్రపు గాలికి కిటికీ ఊచలు తినివేసినట్లు కావడం కూడా ఇదే పని.

కాబట్టి అక్కడివారు చలి సున్నాకు పైన ఉన్న రోజు చూసుకొని, ముఖ్యంగా అడుగుభాగాన్ని కడిగించాలి. తలుపుల రబ్బర్లు తుడవకపోతే రాత్రికి తలుపులు అతుక్కుపోతాయి. గడ్డకట్టిన అద్దం మీద వేడినీళ్లు పోస్తే అద్దం పగలవచ్చు. హిమాన్ని మెత్తని బ్రష్షుతో తోయాలి. గీకుడు పలకను అద్దానికే వాడాలి, రంగు మీద కాదు.

మరికొన్ని సంగతులు

ధూళి ఉన్న అద్దం మీద పొడిగా వైపర్లు వేయకండి. ఉష్ణోగ్రత సుమారు 5, 6 డిగ్రీలు తగ్గితే టైరులో గాలి ఒక పి.ఎస్.ఐ. తగ్గుతుంది, కారు కదలకముందే కొలవాలి. కడిగిన తరవాత బయలుదేరేటప్పుడు మెల్లగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేకు నొక్కితే తడి ఆరుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు

1. ఉదయం కారు మీద ఉన్న మంచుతోనే తుడవడం ఎందుకు తప్పు?
2. గొట్టం నిమిషానికి 10 లీటర్ల నీరు వదులుతుంది. దానితో 15 నిమిషాలు కారు కడిగారు. మూడు బకెట్ల పద్ధతిలో కడిగితే ఎంత నీరు మిగిలేది?
3. షికాగోలో ఉన్న మీ బంధువుకు, కారు అడుగుభాగాన్ని ఎప్పుడు, ఎందుకు కడిగించాలో చెబుతూ ఐదు వాక్యాల ఉత్తరం రాయండి.

జవాబులు

1. ఆ నీరు రేణువులను తేల్చి పంపడానికి చాలదు. గుడ్డ వాటిని పూత మీద రుద్దుతుంది.
2. 150 లీటర్లలో 45 పోగా 105 లీటర్లు.
3. మీ ఉత్తరంలో ఉప్పు, తుప్పు, సున్నాకు పైన ఉన్న రోజు అనే మూడు విషయాలూ వచ్చాయో లేదో సరిచూసుకోండి.