ఒకే లేఖనము – ఇరువురి పఠనము

పాఠ్యభాగము: యెషయా 40:21–31, అపొస్తలుల కార్యములు 17:10–12

క్రొత్త ఢిల్లీలో హుమాయూన్ రోడ్డున, 1956లో కట్టబడిన జూడా హయామ్ అను యూదుల సమాజమందిరము కలదు. అక్కడ హెబ్రీ భాషలో చదువబడు ధర్మశాస్త్రమునే ఆ నగరమందలి తెలుగు విశ్వాసులు తమ మాతృభాషలో చదువుచున్నారు. లేఖనము ఒకటే, అర్థము చెప్పు తీరు వేరు. ఈ భేదమును మనమెట్లు చూడవలెను?

1. భేదము నిజమైనది. మన పాత నిబంధన గ్రంథములు 39. యూదులు వాటినే 24గా లెక్కింతురు. వారి క్రమము దినవృత్తాంతములతో, యెరూషలేమునకు మరలిపొమ్మను కోరెషు ఆజ్ఞతో ముగియును. మనది మలాకీతో, రానున్న ఏలీయాను గూర్చిన వాగ్దానముతో ముగియును. ఆదికాండము 1:26లో దేవుడు బహువచనమున పలుకుటలో క్రైస్తవులు అనేకులు త్రిత్వమును చూచిరి. 11వ శతాబ్దపు యూదా వ్యాఖ్యాత రాషి, దేవుడు దూతలతో ఆలోచించెననియు, గొప్పవాడు చిన్నవారిని సంప్రదింపవలెనను వినయము అందు నేర్పబడెననియు వ్రాసెను. మనము పునరుత్థానుడైన ప్రభువు వెలుగులో చదువుదుము (లూకా 24:27). అది మన విశ్వాసపు ఒప్పుకోలు. పొరుగువానిని తృణీకరించుటకు హక్కు కాదు (రోమా 11:18).

2. భేదమున్నచోట ఒక శోధన కలదు. తమ పఠనమే సరియని చూపగోరి కొందరు యూదులును, కొందరు క్రైస్తవులును విజ్ఞానశాస్త్రమును సాక్షిగా పిలుతురు. యెషయా 40:22లోని "భూమండలము" అను మాట భూమి గోళమని ముందుగానే తెలిపెనందురు. అయితే అక్కడి హెబ్రీ మాట "హూగ్". దాని అర్థము వృత్తము. సామెతలు 8:27లో అదే మాట అగాధజలముల మీద గీయబడిన వలయమునకు వాడబడెను. బంతిని గూర్చి చెప్పునప్పుడు యెషయా గ్రంథమే 22:18లో వేరొక మాట వాడుచున్నది. ఇట్టి ఋజువు మీద విశ్వాసము కట్టుకొనిన యువకుడు కళాశాలలో ఈ సంగతి వినినయెడల, ఋజువుతోపాటు విశ్వాసమును విడిచిపెట్టడా? ఆ దోషము లేఖనముది కాదు, నేర్పినవారిది.

3. ఈ విషయమున ఇరుపక్షముల పెద్దలు హెచ్చరించిరి. ఆదికాండము 1:1 సృష్టిక్రమమును బోధించుటకు వ్రాయబడలేదని రాషి చెప్పెను. ప్రకృతిని గూర్చి ఎరిగిన అవిశ్వాసుల యెదుట లేఖనము పేరట అజ్ఞానపు మాటలాడుట సిగ్గుచేటని, 5వ శతాబ్దారంభమున ఆగస్టీను తన ఆదికాండ వ్యాఖ్యానములో వ్రాసెను.

4. మరి యెషయా చెప్పునదేమి? ఢిల్లీలో సవాయి జయసింగు 18వ శతాబ్దమున కట్టించిన జంతర్ మంతర్ కలదు. అందలి యంత్రములు సూర్యుని నీడను బట్టి కాలమును తెలుపును. అవి చేయవలసిన పని అదే. ప్రవక్త పని వేరు. తమ మార్గము దేవునికి మరుగైయున్నదని అలసిపోయిన ప్రజలతో, నక్షత్రములను పేరుపేరున పిలుచువాడు వారిని మరువడని అతడు చెప్పుచున్నాడు. గోళము కొరకు వెదకువాడు ఈ ఆదరణను దాటిపోవును.

బెరయ యూదులు తాము వినినది అట్లే యున్నదో లేదో యని ప్రతిదినము లేఖనములను పరిశోధించిరి. అట్టి నిజాయితీ మనకును తగును.

ఆలోచించుడి: నేను లేఖనమును వినుచున్నానా, లేక నా మాటను దానిచేత పలికించుచున్నానా?

ప్రార్థన: ప్రభువా, నీ వాక్యమును వినయముతో చదువుటకును, వేరుగా చదువువారిని ప్రేమించుటకును మాకు కృప నిమ్ము. ఆమేన్.