సూర్యుని గాలియు, కణముల పరుగును

మా తరగతి బాలుడొకడు ఒకనాడు, "అయ్యగారూ, సూర్యునినుండియు గాలి వీచునట! మన సీమలో వానలు కురియకుండుటకు ఆ గాలియే కారణమా?" అని యడిగెను. వేరుశనగ పైరు కన్నులయెదుట నెండిపోవుట చూచిన బాలునికి ఇట్టి సందేహము కలుగుట సహజమే. దానికి సమాధానముగా ఈ పాఠమును వ్రాయుచున్నాను.

సూర్యుని గాలి మనము పీల్చు గాలి కాదు. సూర్యుని వెలుపలి పొర మిక్కిలి వేడిగా నుండుటచే అందలి పరమాణువులు చీలి, విద్యుదావేశముగల ప్రోటానులు, ఎలక్ట్రానులు మొదలగు కణములై నలుదిక్కులకు ప్రవహించును. వాని వేగము సాధారణముగా సెకండునకు సుమారు 400 కిలోమీటర్లు. ఇట్టి ప్రవాహ ముండవలెనని పార్కరు పండితుడు 1958లో గణితముచే నిరూపింపగా, 1962లో మెరీనర్-2 నౌక దానిని కొలిచి ధ్రువపరచెను.

ఒక్కొక్కప్పుడు సూర్యునినుండి గొప్ప వాయురాశి పెల్లుబికి, సెకండునకు 1000 కిలోమీటర్లకు మించిన వేగముతో బయలుదేరి, ముందున్న మెల్లని గాలిని ఢీకొనును. అప్పుడు దాని ముందు ఆఘాత తరంగము పుట్టును. కణములకు మహావేగము నొసగునది ఈ తరంగమే.

అది యెట్లనగా: కదలని గోడకు కొట్టిన బంతి, వచ్చిన వేగమునకు మించి మరలదు. ఎదురుగా వచ్చుచున్న బండిపలకకు తగిలిన బంతి అంతకంటె వేగముగా మరలును. తరంగమునకు వెనుకనున్న గాలి ముందున్న గాలిని తరుముచుండును. రెంటియందును అయస్కాంత క్షేత్రపు చిక్కుముడులు గలవు. వానిచే త్రోయబడు కణము, దగ్గఱకు జరుగుచున్న రెండు గోడలనడుమ చిక్కిన బంతివలె, పలుమారు తరంగమును దాటుచు, మాటిమాటికి కొంత శక్తిని గడించును. సుమారు వేయి ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల కణములలో కొన్ని యిట్లు లక్షలకు, అరుదుగా కోట్లకు చేరును. వానకు ముందు దుమ్ముగాలి వచ్చినట్లు, వీనిలో కొన్ని తరంగముకంటె ముందే మనవైపు వచ్చును.

వీనిని పరీక్షించుటకు మన శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2వ తేదీన ఆదిత్య-ఎల్1 నౌకను పంపిరి. అది 2024 జనవరి 6వ తేదీన, భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరముననున్న తన స్థానమును చేరెను. అహమ్మదాబాదు భౌతిక పరిశోధనశాలవారు నిర్మించిన ఆస్పెక్స్ యంత్రము అందు గలదు. దానిలో ఒక భాగము మెల్లని కణములను, రెండవది వడిగల కణములను ఆఱు దిక్కులనుండి లెక్కించును.

ఇది వట్టి వేడుక కాదు. 1972 ఆగస్టులో గొప్ప సౌర తుపాను చెలరేగెను. అపోలో-16 ఏప్రిలులో తిరిగివచ్చెను; అపోలో-17 డిసెంబరులో పోయెను. నడుమ వచ్చినందున గాని, చంద్రునిపై నున్నవారికి ఆ కణములు ప్రాణాపాయము కలిగించి యుండును.

భూమిపైనున్న మనకు పుడమి అయస్కాంత క్షేత్రమును, వాయుమండలమును కవచములు. మన కరవునకు కారణము వేఱు: నైరృతి మేఘముల తేమ చాలవఱకు పశ్చిమ కనుమల ఆవలనే కురిసిపోవును; తూర్పు సముద్రమును మనకు దూరము. కావున, నాయనా, సూర్యుని గాలికి వెఱవకుము. మీ యూరి చెరువు పూడినదేమో చూడుము.

అభ్యాసము
1. సూర్యుని గాలికిని, మన గాలికిని భేదమేమి?
2. ఒక్క గోడచే గాక రెండు గోడలచే బంతి వేగము మిక్కిలి పెరుగుటకు కారణమేమి?
3. సెకండునకు 500 కిలోమీటర్ల వేగముగల తరంగము ఆదిత్య నౌకనుండి భూమిని చేరుటకు ఎన్ని నిమిషములు పట్టును?