ఇంట్లో కొవ్వును కొలుచుకోవడం – నమ్మదగిన పద్ధతి ఏది?

సప్తధాతువులలో మేదస్సు నాల్గవది. శరీరానికి స్నిగ్ధత్వాన్ని, దృఢత్వాన్ని ఇచ్చేది అదే. కనుక మేదస్సు ఉండడం దోషం కాదు, మితిమీరి పెరగడమే దోషం. మితిమీరిందో లేదో తెలియాలంటే కొలత కావాలి. "ఇంట్లో కొవ్వును కొలుచుకోవడానికి ఏ యంత్రం కొనమంటారు?" అని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల నుండి నా వద్దకు వచ్చేవారు తరచుగా అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ పాఠం.

బరువు ఒక్కటే చాలదు

కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను బి.ఎం.ఐ. అంటారు. మన దేశీయులకు అది 23 దాటితే అధిక బరువుగా పరిగణిస్తారు. అయితే ఈ లెక్కలో కండ ఎంతో, కొవ్వు ఎంతో తేలదు. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఆంగ్లేయుడైన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి కొలతలనే ప్రకటించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కాని కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

ఎల్.బి.నగర్‌లో నివసించే ఒక విశ్రాంత ఉద్యోగి ఎత్తు 164 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. కాళ్లు, చేతులు సన్ననివి. "నాకు ఒళ్లు లేదు గదా" అని ఆయన నిశ్చింతగా ఉండేవారు. నడుము కొలిస్తే 92 సెంటీమీటర్లు. అనుమానించి రక్తపరీక్ష చేయించగా మధుమేహం బయటపడింది.

యంత్రం చూపే శాతం

మీద నిలబడితే కొవ్వు శాతాన్ని చూపే తూకం యంత్రాలు నేడు సులభంగా దొరుకుతున్నాయి. ఇవి కొవ్వును నేరుగా కొలవవు. ఒక పాదం నుండి మరొక పాదానికి స్వల్ప విద్యుత్తును పంపి, దానికి కలిగే నిరోధాన్ని బట్టి లెక్కకడతాయి. శరీరంలోని నీరు మారితే ఈ లెక్కా మారుతుంది. భోజనం, చెమట, వ్యాయామం అన్నీ దానిపై ప్రభావం చూపుతాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు వీటిని వాడరాదు.

దిల్‌సుఖ్‌నగర్‌కు చెందిన 60 కిలోల గృహిణి ఒకరు నెలరోజులుగా రాత్రి భోజనం మాని, నీరసించి వచ్చారు. యంత్రం సాయంత్రం 33 శాతం, ఉదయం 36 శాతం చూపేదట. "రాత్రి తిన్నదంతా తెల్లవారేసరికి కొవ్వవుతోంది డాక్టరు గారూ" అని ఆమె బాధ. మూడు శాతమంటే 1.8 కిలోలు. ఒక్క రాత్రిలో అంత కొవ్వు పెరగడం అసంభవం. పగలంతా నిలబడి పనిచేస్తే కాళ్లలోకి నీరు దిగుతుంది, అంకె తగ్గుతుంది. మారింది నీరే గాని కొవ్వు కాదు.

చరకుడు చూపిన దారి

చరక సంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలోని దశవిధ పరీక్షలలో ప్రమాణ పరీక్ష ఒకటి. అక్కడ అవయవాల కొలతకు రోగి స్వంత అంగుళమే ప్రమాణం. అనగా ఎవరి శరీరాన్ని వారి శరీరంతోనే పోల్చి చూడాలి. నేటి వైద్యం చెప్పే సులభమైన సూత్రం కూడా ఇటువంటిదే: నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి తక్కువగా ఉండాలి. ఇంగ్లండు జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ 2022లో దీనినే సిఫారసు చేసింది. కొవ్వు శాతం దీనివలన తెలియదు. కాని ఎక్కువ హాని చేసేది పొట్టలోని కొవ్వు. దాని జాడను ఈ కొలత పట్టి ఇస్తుంది.

కొలిచే విధానం

1. ఉదయం కాలకృత్యాలు తీర్చుకొన్న తరువాత, ఏమీ తినకముందు కొలవాలి.
2. పక్కటెముకల చివరకు, తుంటి ఎముక పైఅంచుకు నడిమిభాగమే సరైన చోటు. పంట్లాము సైజు పనికిరాదు. పొట్ట పెరిగినవారు పంట్లామును దాని కిందికి జార్చి కట్టుకుంటారు.
3. దర్జీ టేపును వస్త్రం అడ్డులేకుండా, నేలకు సమాంతరంగా చుట్టాలి. చర్మం నొక్కుకుపోరాదు.
4. పొట్టను బిగబట్టక, ఊపిరి మామూలుగా విడిచిన పిమ్మట అంకె చూడాలి.
5. రెండుసార్లు కొలవాలి. ఒక సెంటీమీటరుకు మించి తేడా వస్తే మరల కొలవాలి.

టేపు లేనివారు తమ ఎత్తుకు సరిపడే దారం తీసుకొని, సగానికి మడిచి, అదే చోట చుట్టుకోవాలి. కొసలు కలవకపోతే నడుము హద్దు దాటినట్లే.

ఎత్తు 156 సెంటీమీటర్లున్న స్త్రీకి హద్దు 78. మన దేశ వైద్యులు 2009లో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లను ప్రమాదపు గీతగా నిర్ణయించారు. గర్భిణులకు, పొట్టలో నీరు చేరినవారికి ఈ పద్ధతి వర్తించదు.

హద్దు దాటినవారు ముందుగా రక్తంలో చక్కెర, రక్తపోటు పరీక్ష చేయించుకోవాలి. ఆహారంలో చరకుడు స్థూలులకు చెప్పిన యవలు, పెసలు, ఉలవలకు చోటివ్వాలి. దినమూ నడవాలి. పదిహేను రోజులకొకసారి కొలిచి, క్యాలెండరు మీద వ్రాసుకొంటే చాలు. రోజూ కొలిచి దిగులుపడరాదు. ఏ ప్రయత్నమూ లేకుండానే బరువు తగ్గిపోతుంటే మాత్రం సంతోషించక, వెంటనే వైద్యుని సంప్రదించాలి.