ఆపే మీట

బందరు,
9-11-2025.

చిరంజీవి బుజ్జమ్మకు తాతయ్య ఆశీస్సులు.

ఫోన్లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. బడిలో ఐఎఫ్‌పీ తెర మీద పిల్లలకి వీడియో పెట్టేసి, నువ్వు వెనక బెంచీలో కూర్చుని రికార్డులు రాసుకుంటున్నావని మీ అమ్మ అంది. నిజమేనా? అవనిగడ్డ కోచింగులో నువ్వు పడ్డ పాట్లు, మెగా డీఎస్సీలో టీచరు ఉద్యోగం ఆర్డరు చూసి మీ నాయనమ్మ ఏడ్చిన ఏడుపు, అవన్నీ మళ్లీ ఎందుకులే.

తాతయ్యకి యంత్రాలంటే పడదనుకోకు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి ట్యాబులిచ్చినప్పుడు పక్కింటి పిల్లాడికంటే నేనే ఎక్కువ చూశాను. పుస్తకంలో క్యూఆర్ కోడ్‌కి ఫోను చూపిస్తే దీక్షా యాప్‌లో పాఠం తెరుచుకుంటుంది. దాన్ని ముందురోజే డౌన్‌లోడ్ చేసి ఉంచుకో. మొంథా తుపానుకి మీకు సిగ్నల్ లేక మేమిక్కడ ఎంత కంగారుపడ్డామో! కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ వెబ్‌సైట్‌లో బ్యాటరీ, బల్బు, తీగ తెరమీదే పిల్లలు కలిపి చూసుకోవచ్చు. షాకు కొడుతుందన్న భయం లేదు. మాటల అర్థాలకి ఆంధ్రభారతి వెబ్‌సైట్ ఉంది. అందులో బ్రౌన్ నిఘంటువు కూడా దొరుకుతుంది. ఆయన మన బందరులో కొలువు చేసిన దొరేనని పిల్లలకి చెప్పు.

అయితే వీటన్నిటికంటే గొప్ప పనిముట్టు ఒకటుంది. వీడియోని ఆపే మీట. నవ్వకు.

నా చిన్నప్పుడు మా హెడ్మాస్టారు బల్లమీద రేడియో పెట్టి విజయవాడ కేంద్రం పాఠం వినిపించేవారు. దాన్ని మధ్యలో ఆపే వీల్లేదు. ముఖ్యమైన మాట రాగానే ఆయన చెయ్యెత్తేవారు, మేం పలకమీద గీత గీసేవాళ్లం. పాఠం అయ్యాక గీతకో ప్రశ్న. బ్యాటరీలు నీరసిస్తే ఎండలో పెట్టి, కాకులు ఎత్తుకుపోకుండా నన్ను కాపలా కూర్చోబెట్టేవారు. మీ నాయనమ్మని మొదట చూసింది ఆ కాపలాలోనే. సరే, అది వేరే కథ.

నీకా చెయ్యెత్తే బాధ లేదు, వేలితో నొక్కితే చాలు. సముద్రపు పోటూపాటూ పాఠం వచ్చిందనుకో. చంద్రుడి బొమ్మ దగ్గర ఆపు. "నిన్న మీ నాన్న పడవ ఎన్నింటికి తోశాడు? ఇవాళ ఎన్నింటికి?" అని అడుగు. పోటు రోజుకి ముప్పావు గంట పైగా ఆలస్యమవుతుందని ఆ వీడియో తీసినవాడి కంటే మీ నాగాయలంక బడి పిల్లలకే బాగా తెలుసు. వాళ్లు చెప్పింది బోర్డు మీద రాయి, రెండు రోజుల తేడా లెక్క కట్టించు. అప్పుడు మళ్లీ నొక్కు. పది నిమిషాల వీడియోకి నలభై నిమిషాలు పట్టాలి. పట్టలేదంటే నువ్వు ఆపలేదన్నమాటే. ఎక్కడెక్కడ ఆపాలో ముందురాత్రే చీటీ మీద రాసుకో. ఆపమని రెండోసారి చెబుతున్నానా? మూడోసారి కూడా చెబుతాను.

దోమతెర కట్టుకుంటున్నావా? గొంతు బొంగురుపోయిందట, వేడినీళ్లు తాగు. తొక్కుడు లడ్డూ కిలో పంపుతున్నాను. డబ్బా తిరిగి పంపాలి, అది మీ నాయనమ్మది.

వచ్చే వారం బుధవారం పంతొమ్మిదో తారీఖు. 1977లో ఉప్పెన వచ్చిన రోజు. ఆ రోజు వీడియో పెట్టకు. ఊళ్లో అది చూసిన పెద్దాయన ఎవరైనా ఉంటే బడికి పిలిచి కుర్చీ వెయ్యి. ఆయన్ని మాత్రం మధ్యలో ఆపకు.

ఇట్లు,
తాతయ్య